మోతలో మునిగిన మాటను పైకి తీద్దాం

ఈ రోజుల్లో పాటను రికార్డు చేయని సంఘం అంటూ లేదు. క్రిస్మస్ సంగీత కార్యక్రమం కానివ్వండి, మూడు రోజుల సువార్త కూటాలు కానివ్వండి, కోత పండుగ కానివ్వండి, వేదిక ముందు ఎవరో ఒకరు ఫోను నిలబెట్టి రికార్డు చేస్తూనే ఉంటారు. తెల్లవారేసరికి ఆ పాట పట్నం హాస్టల్లో చదువుకునే కొడుక్కీ, కువైట్‌లో పనిచేసుకునే కూతురికీ చేరిపోతుంది. ఇది మంచి సంగతే. కాని విన్నవారిలో చాలామంది తిరిగి చెప్పే మాట ఒకటుంది: "డప్పుల మోత బాగానే వినబడింది గానీ, పాట ఏమిటో తెలియలేదు."

కుండలో తల పెట్టి పాడినట్టు ఉండే ఈ మోతనే మన కుర్రవాళ్లు 'బేస్ కొడుతోంది' అంటారు. ఇది వినసొంపుకు సంబంధించిన చిన్న లోపమని కొందరు తీసిపారేస్తారు. నిజానికి ఇది మాటకు సంబంధించిన లోపం. పెద్ద మంద్రధ్వని తనకంటే పైనుండే సన్నని ధ్వనులను కప్పివేస్తుంది. సన్నని ధ్వని మాత్రం మంద్రధ్వనిని అంతగా కప్పలేదు. మన చెవి నిర్మాణమే అలాంటిది. మాటను మాటగా తెలియజేసే క, త, ప, స వంటి హల్లుల స్పష్టత ఎక్కువగా 2000 నుండి 4000 హెర్ట్జ్‌ల ప్రాంతంలో ఉంటుంది. కింద బేస్ ఉబ్బిందంటే 'పాట' అన్నది 'బాట'గా వినబడుతుంది.

మన ఇళ్లలోని పెద్దవారి సంగతి మరీ కష్టం. వయసు మీద పడినప్పుడు సాధారణంగా ముందు తగ్గేది సన్నని శబ్దాల వినికిడి. అంటే వారికి హల్లులు సగం పోగా, మోత మాత్రం నిండుగా మిగులుతుంది. అవ్వ "ఏం పాడుతున్నారో తెలియట్లేదురా" అన్నదంటే లోపం ఆమె చెవిదే అనుకోకండి, రికార్డింగును కూడా ఒకసారి అనుమానించండి. వాయిద్యాలు స్పష్టమైన స్వరం ఇవ్వకపోతే వాయించేది ఏమిటో ఎవరికి తెలుస్తుందని అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో అడిగిన సంగతి మనకు తెలిసినదే.

సంతోషకరమైన విషయం ఏమిటంటే, ఇలాంటి రికార్డింగును చాలావరకు బాగుచేయవచ్చు. దానికి కావలసింది ఒక మామూలు కంప్యూటరు, మంచి హెడ్‌ఫోన్లు, ఉచితంగా దొరికే ఒక సాఫ్ట్‌వేరు, కొంచెం ఓర్పు.

మోత ఎక్కడ నుండి వస్తుంది?

మనిషి చెవి సుమారు 20 హెర్ట్జ్‌ల నుండి 20,000 హెర్ట్జ్‌ల వరకు వినగలదు. ఒక సెకనులో గాలి ఎన్నిసార్లు కంపిస్తుందో చెప్పే లెక్కే హెర్ట్జ్. బేస్ గిటారు అడుగు తీగ 41 హెర్ట్జ్‌ల దగ్గర మోగుతుంది. పెద్ద డ్రమ్ము దెబ్బ బరువంతా 50 నుండి 100 లోపు ఉంటుంది. మగవారి గొంతు మూలస్వరం మాట్లాడేటప్పుడు సుమారు 85 నుండి 180 వరకు, ఆడవారిది 165 నుండి 255 వరకు ఉంటుంది. మనం మోత అనేది ఎక్కువగా 60కీ 250కీ నడుమ పుడుతుంది. అక్కడే డ్రమ్ము, కీబోర్డు ఎడమచేతి స్వరాలు, తబలా బాయా, మగవారి గొంతు అడుగుభాగం అన్నీ ఒకే గుమ్మంలో తోసుకుంటాయి.

ఆ తోపులాటకు హాలు కూడా తోడవుతుంది. ఎదురెదురుగా ఉన్న రెండు గోడల మధ్య శబ్దం అటూ ఇటూ కొట్టుకుంటూ కొన్ని స్వరాలను మాత్రం ఉబ్బిస్తుంది. ఆ స్వరం ఏదో మీరే లెక్క కట్టవచ్చు. మన వేడి వాతావరణంలో శబ్దం సెకనుకు సుమారు 1150 అడుగులు పోతుంది. ఈ 1150ని గోడల మధ్య దూరానికి రెండింతలతో భాగిస్తే మొదటి స్వరం వస్తుంది. దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు కూడా ఉబ్బుతాయి.

మన పల్లెల్లో కట్టే మందిరపు కొలత ఒకటి తీసుకుందాం: పొడవు 40 అడుగులు, వెడల్పు 20, ఎత్తు 10, పైన కాంక్రీటు స్లాబు. ఎత్తు లెక్కన 1150ని 20తో భాగిస్తే 57 పైచిలుకు. వెడల్పు లెక్కన 1150ని 40తో భాగిస్తే 28 పైచిలుకు, దాని రెండింతలు మళ్లీ 57. పొడవు లెక్కన 14 పైచిలుకు, దాని నాలుగింతలు మళ్లీ 57! మూడు కొలతలూ ఒకే స్వరాన్ని మోస్తున్నాయి. 57కు రెండింతలైన 115 దగ్గర కూడా అంతే. 57 దగ్గర డ్రమ్ము, 115 దగ్గర మగవారి గొంతు. అందుకే అలాంటి హాల్లో బేస్ గిటారు స్వరాలు కొన్ని మామూలుగా ఉంటాయి, ఒకటి రెండు మాత్రం అమాంతం ఉబ్బుతాయి.

కిటికీలకు పరదాలు కట్టాం గదా అంటారేమో. 57 హెర్ట్జ్‌ల అల పొడవు 20 అడుగులు. పలుచని గుడ్డ దానిని ఆపలేదు. పరదాలు, జనం కట్టుకున్న బట్టలు పీల్చుకునేది సన్నని ధ్వనులనే. అందుకే హాలు నిండిన కొద్దీ సన్నని ధ్వనులు తగ్గి, బేస్ మిగిలిపోతుంది. షామియానా కింద అయితే గోడల బెడద ఉండదు గాని, అక్కడ ఫోను సాధారణంగా పెద్ద సౌండు బాక్సు ముందే ఉంటుంది. ఫలితం ఒకటే.

చెవి విన్నది వేరు, మైకు విన్నది వేరు

"హాల్లో కూర్చున్నప్పుడు బాగానే ఉంది గదా, రికార్డింగులోనే ఎందుకిలా?" అన్నది న్యాయమైన ప్రశ్న. మనకు రెండు చెవులున్నాయి. వాటి మధ్యనున్న తేడాను బట్టి మనసు పాడేవారి వైపు తిరిగి, గోడల మోతను కొంత పక్కకు నెడుతుంది. పైగా పెదవుల కదలిక చూస్తూ వింటాం. తెలిసిన పాటైతే మాటను మనమే పూరించుకుంటాం. ఒక్క మైకుకు ఈ వివేచన లేదు. దాని దగ్గరికి ఏది వస్తే అదంతా ఒకే గంపలో వేసుకుంటుంది.

ఇంకొకటుంది. ఫోనులోని చిన్న స్పీకరు బేస్‌ను దాదాపుగా పలకలేదు. అందువల్ల ఫోనులోనే విని 'బాగుంది' అని పంపేస్తారు. అదే పాటను ఎవరైనా కారులోనో, ఇంట్లో పెద్ద వూఫరు మీదనో పెట్టినప్పుడు గోడలు అదురుతాయి. కనుక ఫోను స్పీకరు మీద విని తీర్పు చెప్పకూడదు.

మొదట చేయవలసిన పనులు

ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరు ఇందుకు చాలు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజోని, రోజర్ డానెన్‌బర్గ్ అనేవారు 1999లో దీనిని మొదలుపెట్టి, 2000లో అందరికీ విడుదల చేశారు. ఇది ఉచితం. విండోస్, మ్యాక్, లినక్స్ కంప్యూటర్లలో పనిచేస్తుంది. ఫోనులో రికార్డయిన కొన్ని రకాల ఫైళ్లను తెరవడానికి ఎఫ్ఎఫ్ఎమ్‌పెగ్ అనే సహాయక భాగాన్ని విడిగా వేసుకోవలసి రావచ్చు.

అసలు రికార్డింగును ముట్టుకోకండి. దానికి ఒక నకలు తీసి, నకలు మీదే పని చేయండి. అసలుది పెన్‌డ్రైవులో భద్రం చేయండి. ఈ రోజు సరిగ్గా చేయలేకపోయినా, రేపు ఇంకా తెలిసినవారు చేస్తారు. ఇప్పుడు మన మధ్య లేని పెద్దవారి గొంతు అందులో ఉంటే ఆ మాటకు ఇంకెంత బరువో మీకు తెలుసు.

ఆ తరువాత ఏమీ మార్చకుండా ఒకసారి మొత్తం వినండి. మోత ఎప్పుడూ ఉందా? డ్రమ్ము కొట్టినప్పుడేనా? ఒక స్వరం దగ్గరేనా? ప్రసంగంలోనా, పాటలోనా? కాగితం మీద రాసుకోండి. ఎడతెగక ఒకే తీరున 'మ్మ్' అని ఉంటే అది బేస్ మోత కాదు, కరెంటు హమ్ము. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్‌లది గనుక ఆ హమ్ము 50, 100, 150 దగ్గర ఉంటుంది. దానికి నాచ్ ఫిల్టర్ అనే సన్నని కత్తెర వేరే ఉంది. జనరేటరు మీద నడిచిన కార్యక్రమమైతే ఆ అంకె కొంచెం అటూ ఇటూ జరగవచ్చు.

వినేటప్పుడు శబ్దం మధ్యస్థంగా ఉంచండి. తక్కువ శబ్దంలో మన చెవికి బేస్ తగ్గినట్టూ, ఎక్కువ శబ్దంలో పెరిగినట్టూ అనిపిస్తుంది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీనిని కొలిచి చూపించారు. చాలా గట్టిగా పెట్టుకుని సరిచేసినవారు బేస్‌ను అతిగా కోసేస్తారు. ఇంట్లో మెల్లగా పెట్టి వింటే ఆ పాట రేకు డబ్బాలో పాడినట్టు ఉంటుంది.

మోత చోటును పట్టుకోవడం

మొదటి మెట్టు: అడుగున ఉన్న చెత్త తీయండి. 'ఎఫెక్ట్' మెనూలో 'హై-పాస్ ఫిల్టర్' ఉంటుంది. మీరు చెప్పిన అంకెకు పైనున్న ధ్వనులను పోనిచ్చి, కిందివాటిని అణిచే జల్లెడ అది. డ్రమ్ము, బేస్ గిటారు ఉన్న పాటకు 30 లేదా 40 హెర్ట్జ్‌లు పెట్టండి. వేదిక మీద అడుగుల దబదబ, గాలి మైకుకు తగిలిన బరబర చాలావరకు పోతాయి. వట్టి ప్రసంగానికో, సాక్ష్యానికో 80 నుండి 100 వరకు పెట్టినా నష్టం లేదు. 'రోల్-ఆఫ్' అన్నచోట 12 లేదా 24 డెసిబెల్‌లు చాలు.

రెండవ మెట్టు: బొమ్మ చూడండి. మోత బాగా ఉన్న పది పదిహేను సెకన్ల ముక్కను ఎంచుకుని, 'అనలైజ్' మెనూలో 'ప్లాట్ స్పెక్ట్రమ్' నొక్కండి. ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత ధ్వని ఉందో గీత రూపంలో కనబడుతుంది. అక్కడ 'సైజ్' అనే అంకెను 16384కు పెంచండి. లేకపోతే బేస్ ప్రాంతమంతా ఒకే దిబ్బలాగా కలిసిపోతుంది. 60 నుండి 250 వరకు చూసి, చుట్టుపక్కలకన్నా పైకి లేచిన శిఖరాలను రాసుకోండి. మీ హాలు కొలతల లెక్కతో పోల్చండి. రెండూ కలిస్తే దొంగ దొరికినట్టే.

మూడవ మెట్టు: చెవితో రుజువు చేసుకోండి. బొమ్మ అనుమానాన్ని చెబుతుంది, తీర్పు చెవిదే. ముందుగా 'యాంప్లిఫై'తో శబ్దాన్ని 10 డెసిబెల్‌లు తగ్గించండి. తరువాత 'గ్రాఫిక్ ఈక్యూ' తెరవండి. 63, 80, 100, 125, 160, 200, 250 అని వరుసగా మీటలు ఉంటాయి. ఒక్కొక్క మీటను 8 డెసిబెల్‌లు పైకి లేపి, 'ప్రివ్యూ' నొక్కి వినండి, మళ్లీ సున్నాకు దించండి. ఏ మీట లేపినప్పుడు మోత భరించరాకుండా ఉందో అదే అసలు చోటు. పంటి నొప్పి ఉన్నవారికి వైద్యుడు ఒక్కొక్క పంటినీ తట్టి చూసినట్టే ఇది.

నాలుగవ మెట్టు: దొరికిన మీటను ఇప్పుడు కిందికి దించండి. ముందు 3 డెసిబెల్‌లు, చాలకపోతే 6. మన 40 అడుగుల హాలు ఉదాహరణలో 63 మీటను 5 డెసిబెల్‌లు, 125 మీటను 3 డెసిబెల్‌లు దించడం మంచి ఆరంభం. 125 దగ్గర జాగ్రత్త, అక్కడ మగవారి గొంతు నిండుదనం కూడా ఉంది. పక్క మీటలను ఒకటి రెండు డెసిబెల్‌లు దించితే కోత మొరటుగా వినబడదు.

అయిదవ మెట్టు: పోల్చి చూడండి. బేస్ తగ్గించినప్పుడు మొత్తం శబ్దం కూడా కొంత తగ్గుతుంది. గట్టిగా ఉన్నది ఎప్పుడూ మేలుగా తోస్తుంది గనుక, పాతదీ కొత్తదీ సమానమైన గట్టితనానికి తెచ్చి వినాలి. ఇంకా మాట తేలకపోతే 2500, 3150 మీటలను 2 డెసిబెల్‌లు లేపండి. అంతకు మించితే 'స' అక్షరం చెవిలో గుచ్చుతుంది.

ఒక పాటకు కుదిరిన కొలత ఇంకొక పాటకు కుదరదు. శ్రుతి మారితే ఉబ్బే స్వరమూ మారుతుంది. రెండు గంటల కార్యక్రమం మొత్తానికి ఒకే మందు వేయకండి. పాట పాటకూ విడిగా చేయండి. ప్రసంగాలకు మాత్రం 'ఫిల్టర్ కర్వ్ ఈక్యూ'లో 'లో రోల్-ఆఫ్ ఫర్ స్పీచ్' అనే సిద్ధమైన కొలత ఉంది, అది చాలావరకు సరిపోతుంది. పాటంతా బాగుండి, ఒకటి రెండు స్వరాలే ఉబ్బితే మల్టీబ్యాండ్ కంప్రెసర్ అనేదాన్ని వాడవచ్చు. అది ఆ స్వరం లేచినప్పుడే అణిచి, మిగతా వేళ ఊరుకుంటుంది. అది నేర్చుకోవడానికి కొంత కాలం పడుతుంది. మొదటే దాని జోలికి పోనవసరం లేదు.

బేస్ శత్రువు కాదు

కొందరు మోత మీద కోపంతో 200 లోపు ఉన్నదంతా కోసేస్తారు. ఇది కలుపుతో పాటు వరినీ పీకడమే. ఢోలక్ దెబ్బకు ప్రాణం ఆ అడుగు నాదంలోనే ఉంది. చప్పట్లకు కాలు కలిపేది దానివల్లే. వందమంది కలిసి పాడేటప్పుడు వచ్చే గంభీరత కూడా అక్కడే ఉంటుంది. కనుక మీ పని బేస్‌ను తీసివేయడం కాదు, ఉబ్బినచోట మాత్రం సమం చేయడం. "ఏదో చేశారు" అని వినేవారికి తెలియకుండా, "మాట బాగా తెలుస్తోంది" అని మాత్రమే తెలియాలి.

సాఫ్ట్‌వేరుకూ హద్దులున్నాయి. శబ్దం మరీ గట్టిదై అలల తలలు తెగిపోయిన రికార్డింగును తిరిగి పూర్తిగా అతికించలేము. డ్రమ్ము పడ్డప్పుడల్లా పాట మొత్తం మునిగి తేలుతూ ఉంటే అది ఫోను తనంతట తానే శబ్దాన్ని తగ్గించి పెంచిన గుర్తు. దానిని ఈక్వలైజరు సరిచేయదు. గోడల నుండి తిరిగివచ్చిన ప్రతిధ్వనిని కొంత పలుచన చేయగలమే గాని తుడిచివేయలేము. వీటికి మందు ముందు జాగ్రత్త ఒక్కటే.

వచ్చే కార్యక్రమానికి

ఫోనును గోడకు ఆనించి గానీ, మూలలో గానీ పెట్టకండి. బేస్ అక్కడే కుప్ప పడుతుంది. సౌండు బాక్సుకు ఎదురుగా కాక, పక్కకు జరిపి, స్టాండు మీద మనుషుల తలలకంటే పైన ఉంచండి. బాక్సులను కూడా మూలల్లోనుండి కొంచెం ముందుకు లాగమని మైకుసెట్టు వారిని మర్యాదగా అడగండి. నేల, గోడ, మూల ఒక్కొక్కటీ బేస్‌ను పెంచేవే.

చాలా మిక్సర్లలో ప్రతి మైకుకు 'లో కట్' అనే చిన్న మీట ఉంటుంది. గొంతు మైకులన్నిటికీ దానిని నొక్కించండి, పెద్ద డ్రమ్ము మైకుకు మాత్రం వద్దు. పెదవులను మైకుకు ఆనించి పాడితే సాధారణ వేదిక మైకు గొంతులోని బేస్‌ను పెంచుతుంది. రెండు మూడు అంగుళాల ఎడం పాటించమని పాడేవారికి చెప్పండి.

రికార్డింగు మీటరు సున్నాను తాకనివ్వకండి. గట్టిగా పాడేచోట కూడా మైనస్ 12 డెసిబెల్‌ల దగ్గర ఆగితే క్షేమం. వీలుంటే మిక్సరు నుండి నేరుగా ఒక రికార్డింగు, హాల్లో ఇంకొకటి తీసుకోండి. మొదటిదానిలో మాట స్పష్టంగా ఉంటుంది, రెండవదానిలో సంఘమంతా పాడిన నిండుదనం ఉంటుంది. కలిపేటప్పుడు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. వేదికకు 35 అడుగుల దూరంలో పెట్టిన ఫోనుకు శబ్దం సుమారు 30 మిల్లీసెకన్లు (సెకనులో వెయ్యో వంతులు 30) ఆలస్యంగా చేరుతుంది. దానిని అంత ముందుకు జరిపి కలపకపోతే మాట రెండుగా వినబడుతుంది.

అన్నిటికన్నా సులువైనది, తరచుగా మరచిపోయేది ఇదే: కార్యక్రమం మొదలుకాకముందు ఒక్క నిమిషం రికార్డు చేసి, హెడ్‌ఫోన్లలో విని చూడండి. ఆ ఒక్క నిమిషం తరువాతి రెండు రాత్రుల పనిని తప్పిస్తుంది.

ఈ పని మీ సంఘంలో ఎవరికి అప్పగించాలా అని ఆలోచిస్తున్నారా? పదో తరగతి దాటిన పిల్లల్లో కంప్యూటరు ముట్టుకోవడానికి జంకనివారు ఇద్దరుంటారు. వారిని కూర్చోబెట్టి, కిందటి క్రిస్మస్ రికార్డింగును ఇచ్చి చేయించండి. పూర్తయ్యాక దానిని ముందుగా మీ ఊరిలో చెవులు మందగించిన ఒక పెద్దావిడకు వినిపించండి. ఆమె పెదవులు పాటతో కలిసి కదిలితే మీ కొలతలు సరిపోయినట్టే.